జలప్రవేశానికి ముందు రాత్రి

1948 మార్చి 14, ఆదివారం. ఈస్టర్ పండుగకు సరిగ్గా రెండు వారాలుంది. విశాఖపట్నం సంఘాలకు అవి శ్రమకాలపు దినాలు. గాంధీ మహాత్ముడు కన్నుమూసి ఆరు వారాలే అయింది. ఆ రోజున ప్రధాని నెహ్రూ విశాఖ హార్బరు ఒడ్డున ఉన్న సింధియా షిప్‌యార్డుకు వచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో కట్టిన తొలి పెద్ద ఓడ, ఎనిమిది వేల టన్నుల 'జల ఉష', ఆయన చేతుల మీదుగా నీళ్లలోకి జారింది.

ఆ రోజు గురించి మనం చదివేదంతా పండుగ గురించే. కానీ ఓడలు కట్టేవారిని అడిగితే మరో మాట చెబుతారు. జలప్రవేశం చూసేవారికి పండుగ, కట్టినవారికి గండం. ఏటవాలుగా కట్టిన స్లిప్‌వే మీద నెలల తరబడి దిమ్మెలపై నిలబడిన ఓడ బరువును చివరి గంటల్లో గ్రీజు పూసిన జారుడు దూలాల మీదికి మార్చాలి. ఆనించిన దుంగలను ఒక్కొక్కటిగా తీసేయాలి. గ్రీజు తక్కువైతే ఓడ సగంలో ఆగిపోవచ్చు, ఎక్కువైతే అదుపు తప్పవచ్చు. పోటు సమయం చూసుకోవాలి. ఓడ వెనుక భాగం నీళ్లలో తేలి, ముందు భాగం ఇంకా దూలాల మీదే ఉండే ఆ కొద్ది క్షణాల్లో దాని ఒళ్లంతా విపరీతమైన ఒత్తిడికి లోనవుతుంది. ఒకసారి కదిలాక 'ఆగు' అనడానికి వీల్లేదు. నోవహుకు ఈ బాధ లేదు. ఆయన ఓడ దగ్గరికి నీళ్లే వచ్చాయి. మనం కట్టిన ఓడను మాత్రం మనమే నీళ్లలోకి తోయాలి.

ఆ యార్డుకు అంతకుముందే ఎన్ని ఆటంకాలు వచ్చాయో! పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ పూనికతో 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. పది నెలలైనా తిరగకుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 5న వచ్చింది. అంటే ముందు రోజు పునరుత్థానపు పాటలు పాడిన విశ్వాసులే మర్నాడు మూటాముల్లె సర్దుకుని పల్లెల దారి పట్టారన్నమాట. యార్డు యంత్రసామగ్రిని బొంబాయికి తరలించారు. యుద్ధం ముగిశాక మళ్లీ మొదలుపెట్టి, 1946లో జల ఉషకు వెన్నెముక లాంటి కీల్ వేశారు. దాన్ని నీళ్లలోకి పంపే నాటికి శంకుస్థాపన జరిగి దాదాపు ఏడేళ్లు.

ఆ మార్చి 13, శనివారం రాత్రి, యార్డులో పనిచేసిన ఇంజినీర్లలో, కార్మికుల్లో ఎందరు నిద్రపోయి ఉంటారు? ఎవరూ రాసిపెట్టలేదు. రాసిపెట్టకపోయినా ఊహించగలం.

ఇవాళ ఆ రాత్రిని గడుపుతున్నవారు మన సంఘాల్లో చాలామందే ఉన్నారు. రుషికొండ కొండల మీది ఐటీ ఆఫీసుల్లో, మధురవాడలో అద్దెకు తీసుకున్న ఒంటి గదిలో కొత్త సాఫ్ట్‌వేర్ రాస్తున్న కుర్రవాళ్లు. 2020లో కరోనా కాలాన వెంటిలేటర్లు, పరీక్షా కిట్లు తయారైన మెడ్‌టెక్ జోన్‌లో ఒక చిన్న వైద్య పరికరానికి అనుమతి పత్రాల కోసం ఎదురుచూస్తున్నవారు. ఆటోనగర్ షెడ్డులో స్టీల్‌ప్లాంటుకో, పోర్టుకో పనికొస్తుందని కొత్త విడిభాగం పోత పోయించి ఆర్డరు కోసం తిరుగుతున్న మెకానిక్కు. పొదుపు సంఘం అప్పుతో పచ్చళ్లకో, పొడులకో కొత్త పేరు పెట్టి, లేబుళ్లు అచ్చు వేయించి, దుకాణాల చుట్టూ తిరుగుతున్న అక్కయ్య. సరుకు వేరు, భయం ఒకటే. 'ఇది నలుగురికీ నచ్చుతుందా? నచ్చకపోతే అమ్మ బంగారం ఎలా విడిపించాలి? ఉద్యోగం మానేసి వచ్చిన నన్ను నమ్మి నాతో చేరిన ఆ ఇద్దరి జీతం ఏమిటి?'

ఆ భయం ఒంట్లో కూడా కాపురం పెడుతుంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. ముద్ద దిగదు. పిల్లలు పలకరిస్తే చిరాకు పుడుతుంది. ఫోను మోగితే గుండె దడదడలాడుతుంది. అలాంటి మనిషి ఆదివారం గుడికి వచ్చి, ప్రార్థన మనవులు అడిగినప్పుడు, "నా వ్యాపారం గురించి ప్రార్థించండి అయ్యగారూ" అని మాత్రం అంటాడు. 'నాకు భయంగా ఉంది' అనడు. అంటే ఏమవుతుందో అతనికి తెలుసు. "చింత అవిశ్వాసం కదా తమ్ముడూ" అని ఒకరు, "భయపడకు, నీ ప్రాజెక్టు సూపర్ హిట్, దేవుడు నాతో చెప్పాడు" అని ఇంకొకరు అంటారు. మొదటి మాట అతని నోరు మూయిస్తుంది, రెండోది నెత్తిన మరింత బరువు పెడుతుంది. పైగా మన కూడికల్లో సాక్ష్యం చెప్పమని మైకు ఇచ్చేది గట్టెక్కినవాడికే. నడి ఏట్లో ఉన్నవాణ్ణి పిలిచి "ఎలా ఉన్నావు?" అని ఎన్నిసార్లు అడిగాం? ఈ మాట ఎవరినో తప్పుపట్టడానికి రాయడం లేదు. ఆ రెండో రకం ప్రార్థన నేనూ చేసినవాణ్ణే.

చింత అనేదంతా పాపమేనా? అపొస్తలుడైన పౌలునే అడుగుదాం. చెరసాలలో ఉండి ఫిలిప్పీ సంఘానికి దేని గురించీ చింతపడవద్దని రాసినవాడు ఆయనే (ఫిలిప్పీ 4:6). అదే పత్రికలో, రెండు అధ్యాయాలు వెనక్కి వెళితే, మీ క్షేమం గురించి నిజంగా చింతించేవాడు తిమోతి లాంటివాడు మరొకడు నాకు లేడని మెచ్చుకున్నదీ ఆయనే (2:20). కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో తాను పడ్డ ఓడ ప్రమాదాలు, దెబ్బలు, ఆకలిదప్పులు వరుసగా చెప్పి, వాటన్నిటి మీద సంఘాల గురించిన చింత రోజూ తనను నొక్కుతోందని ఒప్పుకున్నదీ ఆయనే (11:28). మూడు చోట్లా గ్రీకులో ఉన్నది ఒకే ధాతువుకు చెందిన మాట. మన తెలుగు బైబిలు కూడా మూడు చోట్లా 'చింత' అనే మాటనే వాడింది. అంటే పౌలు చింత లేని మనిషి కాడు. మనసులో చింత పుట్టడం వేరు, అదే యజమానురాలై కూర్చోవడం వేరు. ఫిలిప్పీ పత్రికలో ఆయన చింతను మింగేయమని చెప్పలేదు, దాన్ని విన్నపంగా మార్చి దేవునికి తెలియజేయమన్నాడు. పేరు పెట్టి చెప్పుకోవాలి. "ప్రభువా, వచ్చే నెల కిస్తీ నలభై వేలు, చేతిలో పదకొండు వేలున్నాయి" అనడం కూడా ప్రార్థనే.

ఇక్కడ మనం తరచూ పొరబడే సంగతి ఒకటుంది. కొన్ని భయాలు నిజమైన హెచ్చరికలు. వాటిని ప్రార్థన చేసి పక్కకు పెట్టకూడదు. 1628లో స్వీడన్ రాజు స్టాక్‌హోమ్‌లో 'వాసా' అనే యుద్ధనౌకను కట్టించాడు. 64 ఫిరంగులతో అంత ఆర్భాటమైన ఓడ ఆ చుట్టుపక్కల లేదు. బయలుదేరకముందు ముప్పయి మంది నావికులను డెక్కు మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు పరుగెత్తించి, ఓడ నిలకడను పరీక్షించారు. మూడు పరుగులకే ఓడ ఊగిపోతుంటే, బోల్తా పడుతుందని భయపడి పరీక్షను ఆపేశారు. పరీక్ష ఆపారు కానీ ప్రయాణం ఆపలేదు. రాజు తొందరపెడుతున్నాడు, ఆయనకు ఎదురు చెప్పేవారెవరు? ఆగస్టు 10న వాసా బయలుదేరింది. కిలోమీటరు పైచిలుకు వెళ్లిందో లేదో, ఒక గాలి తెర కొట్టింది. తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు వచ్చి, ఒడ్డున జనం చూస్తుండగానే మునిగిపోయింది. సుమారు ముప్పయి మంది చనిపోయారు. 1961లో దాన్ని పైకి తీసి మ్యూజియంలో పెట్టారు. వెళ్లినవారు ఇప్పటికీ చూడవచ్చు.

డెక్కు మీద నిలబడ్డవారికి పుట్టిన భయం అవిశ్వాసం కాదు. ఆ పూట అక్కడున్న అతి విలువైన సమాచారం అదే. మీ పరికరం మూడోసారి పరీక్షలో కూడా వేడెక్కుతుంటే, పచ్చడి సీసా మూత దగ్గర నూనె కారుతుంటే, మీకు నిద్రపట్టకపోవడంలో న్యాయముంది. లేచి వెళ్లి మూత సరిచేయాలి. తేదీ ప్రకటించేశాం కాబట్టి ఆగకూడదనుకోవడం విశ్వాసం కాదు, వాసా రాజుగారి తొందర. నెహెమ్యా యెరూషలేము గోడ కట్టే రోజుల్లో శత్రువుల బెదిరింపులు వినగానే చేసిన పనులు రెండు. దేవునికి ప్రార్థన చేశాడు, రాత్రింబవళ్లు కాపలా పెట్టాడు (నెహెమ్యా 4:9). ప్రార్థన చేశాను కదా, కాపలా ఎందుకు అనలేదు. కాపలా ఉంది కదా, ప్రార్థన ఎందుకు అని కూడా అనలేదు.

మిగిలిన భయాలున్నాయి. గ్రీజు పూయడం యార్డువారి పని. పోటు రావడం వారి పని కాదు. కొనేవారి మనసు, పోటీ కంపెనీ ఎత్తుగడ, బ్యాంకు మేనేజరు బదిలీ, తుఫాను, ఇవన్నీ పోటు లాంటివి. రాత్రి రెండింటికి మనల్ని లేపేవి ఎక్కువగా ఇవే. వీటి దగ్గరే పేతురు మాట పనికొస్తుంది. చింత యావత్తూ దేవుని మీద వేయమన్నాడు (1 పేతురు 5:7). అక్కడ వాడిన గ్రీకు క్రియ కొత్త నిబంధనలో మరొక్క చోటే కనిపిస్తుంది. యెరూషలేముకు వెళ్లేటప్పుడు శిష్యులు తమ బట్టలను గాడిదపిల్ల మీద వేసిన సందర్భంలో (లూకా 19:35). ఒంటి మీది బట్టను తీసి మరొకరు మోసేలా వేయడమన్నమాట. వేసినవాడు మళ్లీ దాన్ని భుజాన కప్పుకుని నడవడు. మనమేమో ఉదయం ప్రార్థనలో వేసి, మధ్యాహ్నానికి వెనక్కి లాక్కుంటాం. ఫరవాలేదు, మళ్లీ వేయవచ్చు. రోజుకు పదిసార్లు వేయాల్సి వచ్చినా తప్పు లేదు.

ఇదే విశాఖపట్నంలో, జల ఉషకు దాదాపు నూట నలభై ఏళ్ల ముందు, ఇంకో కొత్త వస్తువు తయారైంది. ఆదివారం మన చేతుల్లో ఉండే పుస్తకానికి అది మొదటి రూపాల్లో ఒకటి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ అనే ఇద్దరు దైవజనులు విశాఖకు వచ్చారు. తెలుగు అక్షరం ముక్క రాని స్థితి నుంచి మొదలుపెట్టి భాష నేర్చుకున్నారు. బ్రాహ్మణ కుటుంబం నుంచి విశ్వాసంలోకి వచ్చిన ఆనందరాయర్ తోడయ్యాక సువార్తల అనువాదం ఊపందుకుంది. తెలుగులో అచ్చయిన సువార్త అప్పటికి లేదు. అంతకు ఎనభై ఏళ్ల క్రితం బెంజమిన్ షూల్జ్ బైబిలును తెలుగులోకి తెచ్చినా, ఆ ప్రతి అచ్చుకు నోచుకోలేదు. ఆ సంగతి తెలిసినవారికి తమ ప్రతి గతి కూడా అంతేనేమో అన్న దిగులు కలగకుండా ఉంటుందా?

1809లో క్రాన్ చనిపోయారు. 1810లో డే గ్రాంజెస్ కూడా చనిపోయారు. వారి సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. విశాఖ సముద్రపు గాలిలో కూర్చుని మాట మాటకూ తడుముకుంటూ రాసిన ఇద్దరిలో ఒక్కరు కూడా అచ్చు కాగితాన్ని చేత్తో పట్టుకోలేదు. వారి తర్వాత విశాఖలో పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన అంతా తెలుగులోకి తెస్తే, 1818లో మద్రాసులో అచ్చయింది. తర్వాత వచ్చినవారు ఆ అనువాదాలను దిద్దారు, మార్చారు, తిరగరాశారు. మొదటివారి వాక్యాల్లో ఎన్ని మిగిలాయో చెప్పడం కష్టం. ఈ లోకపు లెక్కలో అది విఫలమైన తొలి ప్రయత్నం కిందికే వస్తుందేమో! ఏ సంఘమూ వారికి అలాంటి మార్కులు వేయలేదు.

ఈ కథ చెబితే ఒక యువకుడు అనవచ్చు, "వాళ్లు మిషనరీలు అండీ, నాకు బ్యాంకు నోటీసు వచ్చింది" అని. నిజమే. అందుకే అపొస్తలుల కార్యాలు 27వ అధ్యాయం అతనితో కలిసి చదవాలి. పోర్టు ఊరివాళ్లకు దాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. అలెక్సంద్రియ నుంచి గోధుమలు మోస్తున్న సరుకు ఓడ, రెండు వందల డెబ్బయి ఆరుగురు మనుషులు, రోజుల తరబడి సూర్యుడూ నక్షత్రాలూ కనిపించని తుఫాను. ప్రయాణం మంచిది కాదని పౌలు ముందే చెప్పాడు. శతాధిపతి మాత్రం ఓడ నడిపేవాడి మాట, ఓడ యజమాని మాట నమ్మాడు. ఓడలో పెట్టుబడి పెట్టినవారికి తొందర ఉంటుంది మరి.

అప్పుడు దేవదూత పౌలుకు ఇచ్చిన మాట ఏమిటో జాగ్రత్తగా చూడండి. మీలో ఎవరి ప్రాణానికీ హాని కలగదు, ఓడ మాత్రం పోతుంది (27:22-24). మనం మన వ్యాపారుల మీద చేతులుంచి చేసే ప్రార్థనల్లో ఎక్కువ భాగం ఓడ గురించి. 'ఈ ఓడ మునగదు' అని మనం వాగ్దానం చేసేస్తాం. దేవుడు ఆ రాత్రి అలా అనలేదు. మాట ఇచ్చింది మనుషుల గురించి. కొన్ని ఓడలు ఒడ్డు చేరతాయి, జల ఉష చేరినట్టు. కొన్ని చేరవు. కట్టినవారిది తప్పయినా చేరవు, తప్పు కాకపోయినా చేరవు. ఓడ పోయినవాడు దేవుడు వదిలేసినవాడు కాడని వేదిక మీద నుంచి గట్టిగా చెప్పగలిగితే, రాత్రి రెండింటికి మెలకువ వచ్చే ఎందరో కళ్లు మూసుకోగలుగుతారు. ఈ పట్టణంలో అప్పుల భయంతో ఇల్లు విడిచిన కుటుంబ పెద్దల గురించి, అంతకన్నా ఘోరమైన నిర్ణయాలు తీసుకున్నవారి గురించి విన్నాక, ఇది ఊరికే వాక్య వివరణ కోసం చెబుతున్న మాట కాదని పాఠకులు గ్రహిస్తారు.

పౌలు ఆ మాట చెప్పి ఊరుకోలేదు. పద్నాలుగు రోజులుగా ఎవరూ ఏమీ తినలేదని గమనించాడు. భోజనం చేయండని అందరినీ బతిమాలాడు. తానే రొట్టె పట్టుకుని, అందరి ఎదుట కృతజ్ఞతాస్తుతులు చెల్లించి, విరిచి తిన్నాడు. అది చూసి మిగిలినవారు ధైర్యం తెచ్చుకుని తిన్నారు (27:33-36). ఆందోళనలో ఉన్నవాడికి ముందు ప్రసంగం కాదు, అన్నం. మన సంఘంలో అలాంటివాడు కనిపిస్తే సలహా ఇచ్చే ముందు ఇంటికి పిలిచి ఒక పూట భోజనం పెట్టవచ్చు. అతని భార్య పక్కన మన ఇంటి ఆడవాళ్లు కూర్చోవచ్చు. లెక్కలు తెలిసిన సంఘపెద్ద అతని అప్పుల కాగితాలు చూసి, బ్యాంకు వారితో ఎలా మాట్లాడాలో చెప్పవచ్చు. వారాల తరబడి నిద్ర లేక, బతకాలన్న ఇష్టం సన్నగిల్లుతుంటే డాక్టరు దగ్గరికి మనమే తోడు వెళ్లాలి. విశాఖలోనే ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 2022లో మొదలైన 'టెలి మానస్' సహాయవాణికి 14416 నంబరులో ఏ వేళైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. జ్వరానికి మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కానప్పుడు ఇదీ కాదు.

ఇంకో సంగతి జలప్రవేశం గురించి మొదట్లో చెప్పకుండా వదిలేశాను. నీళ్లలోకి జారిన ఓడ పూర్తయిన ఓడ కాదు. దాన్ని పక్కనున్న జెట్టీకి కట్టి, మిగిలిన యంత్రాలు, గదులు, తీగలు, గొట్టాలు అమర్చడానికి నెలలు పడుతుంది. ఆ తర్వాత సముద్రంలో పరీక్షలు. కొత్త సరుకును బజారులోకి వదిలిన మొదటి వారంలో పది ఫోన్లు రావాల్సిన చోట మూడే వచ్చాయని కుంగిపోయేవారు ఈ మాట గుర్తుంచుకుంటే మేలు. జల ఉష జారిపోయాక ఆ యార్డులో జల ప్రభ తయారైంది. వాల్‌చంద్ మాత్రం 1949లో పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. 1952లో యార్డు హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారి ప్రభుత్వ అజమాయిషీలోకి వెళ్లింది. మరుసటి ఏడాది ఆయన కన్నుమూశారు. ఆయన మొదలుపెట్టిన యార్డులో ఓడలు మాత్రం ఇప్పటికీ కడుతున్నారు.

పౌలు ఎక్కిన ఓడ చివరికి ఇసుక దిబ్బకు తగులుకుని ముక్కలైంది. ఈత వచ్చినవారు ఈదారు. రానివారు పలకల మీద, ఓడ చెక్కల మీద తేలుతూ వచ్చారు. లెక్క చూసుకుంటే రెండు వందల డెబ్బయి ఆరుగురూ ఉన్నారు. అది మెలితే ద్వీపం. వాన పడుతోంది, చలిగా ఉంది. ఊరివాళ్లు నెగడు వేసి అందరినీ చేరదీశారు. ఓడ, సరుకు, సామాను అంతా పోగొట్టుకుని తడిసిన బట్టలతో ఒడ్డెక్కిన పౌలు ఆ మంట కోసం కట్టెపుల్లలు ఏరడం మొదలుపెట్టాడు (28:3).